విజువల్ వాయిస్‌మెయిల్ యాక్టివేట్ కాకపోతే తప్పు ఎక్కడుంది?

ఫోన్ ఎత్తకపోతే మన ఊళ్లో అది మిస్డ్ కాల్. చేసినవాళ్లు మళ్లీ చేస్తారు, లేదంటే వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పడేస్తారు. అమెరికాలో పద్ధతి వేరు. రిక్రూటర్, అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసు, డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు చూసే మనిషి, పిల్లల స్కూలు ఆఫీసు, అందరూ చాలాసార్లు ఒక్క కాల్ చేసి ఊరుకుంటారు. ఎత్తకపోతే సంగతి వాయిస్‌మెయిల్‌లో చెప్పి పెట్టేస్తారు. చెప్పేశాం కాబట్టి ఇక తిరిగి చేయాల్సిన బాధ్యత అవతలివాళ్లదే అన్నది వాళ్ల లెక్క. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కొత్తగా వెళ్లినవాళ్లకు ఈ లెక్క ఒంటబట్టడానికి కొంత సమయం పడుతుంది.

చిక్కేమిటంటే, వాయిస్‌మెయిల్ పనిచేయట్లేదన్న సంగతి ఫోన్ ఉన్న మనిషికే అందరికంటే చివర తెలుస్తుంది. 'ఈ నంబరుకు మెయిల్‌బాక్స్ ఇంకా సెటప్ చేయలేదు' అనే ఇంగ్లిష్ ప్రకటన వినపడేది కాల్ చేసినవాళ్లకు. వచ్చిన మెసేజ్‌లను జాబితాగా చూపించి, కావలసినదాన్ని తాకి వినే సౌకర్యమే విజువల్ వాయిస్‌మెయిల్. అది పనిచేయనప్పుడు ఫోన్ చేతిలో ఉన్నవాళ్లకు కనిపించేది మాత్రం ఒక ఖాళీ తెర. ఐఫోన్ అయితే 'విజువల్ వాయిస్‌మెయిల్ ప్రస్తుతం అందుబాటులో లేదు' అంటుంది, లేదంటే మెసేజ్‌ల జాబితా ఉండాల్సిన చోట 'కాల్ వాయిస్‌మెయిల్' అని ఒక బటన్ పెట్టి ఊరుకుంటుంది. ఆండ్రాయిడ్ అయితే యాక్టివేట్ చేయలేకపోయాం, మొబైల్ నెట్‌వర్క్ చూసుకోండి అంటుంది. రెండూ లోపం ఎక్కడుందో చెప్పవు. చాలామంది వెంటనే ఫోన్ రీస్టార్ట్ చేస్తారు, తర్వాత సిమ్ తీసి పెడతారు, ఆ తర్వాత నెట్‌వర్క్ సెట్టింగ్స్ మొత్తం చెరిపేస్తారు. ఇంట్లో వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి, వాయిస్‌మెయిల్ మాత్రం రాదు.

దీనికి కారణం ఒక అపోహ. విజువల్ వాయిస్‌మెయిల్‌ను అందరూ ఫోన్‌లో ఉండే ఒక యాప్ అనుకుంటారు. నిజానికి అది క్యారియర్ (అంటే సిమ్ ఇచ్చిన మొబైల్ కంపెనీ) నెట్‌వర్క్, క్యారియర్ దగ్గరున్న అకౌంటు, చేతిలోని ఫోన్, ఈ మూడూ కలిసి చేసుకునే ఒప్పందం. ఏ ఒక్కటి కలిసిరాకపోయినా తెర మీద వచ్చే మాట దాదాపు ఒకటే.

వాయిస్‌మెయిల్ పాత సంగతే. గోర్డన్ మాథ్యూస్ అనే అమెరికన్ 1979లో దీని మీద పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1983లో అది మంజూరైంది. ఆ తర్వాత పాతికేళ్ల దాకా పద్ధతి ఒకటే: మెయిల్‌బాక్స్ నంబరుకు ఫోన్ చేయాలి, పిన్ నొక్కాలి, మొదటి మెసేజ్ నుంచి వరసగా వినాలి. అయిదో మెసేజ్ ముఖ్యమైనదైనా ముందు నాలుగూ దాటుకునే వెళ్లాలి. 2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ మొదటి ఐఫోన్ చూపించినప్పుడు, ఈమెయిల్ లాగా వాయిస్‌మెయిల్‌ను కూడా జాబితాగా చూసి, కావలసినదాన్ని తాకి వినడం అందులో ఒక పెద్ద విశేషం. అది యాపిల్ ఒక్కటే చేసి పెట్టగలిగిన పని కాదు. అప్పటి భాగస్వామి సింగ్యులర్, అంటే తర్వాత ఏటీ అండ్ టీగా మారిన కంపెనీ, తన నెట్‌వర్క్ వైపు కూడా మార్పులు చేయాల్సి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే క్లాస్నర్ టెక్నాలజీస్ అనే కంపెనీ ఈ పద్ధతి తన పేటెంటుదేనని రెండు కంపెనీల మీదా దావా వేసింది, 2008లో రాజీ కుదిరింది. ఇద్దరి మీదా దావా పడిందంటేనే ఈ సౌకర్యంలో ఇద్దరి చెయ్యీ ఉందని అర్థం. యాక్టివేషన్ దగ్గర ఇప్పటికీ వచ్చే తంటా కూడా అదే: ఫోన్ కంపెనీని అడిగితే క్యారియర్‌ని అడగమంటుంది, క్యారియర్‌ని అడిగితే ఫోన్ రీసెట్ చేయమంటుంది.

ఆ ఒప్పందంతో జరిగే పనిలోనూ మూడు భాగాలున్నాయి. వాటిని ఒక అపార్ట్‌మెంటు లెక్కన చూడొచ్చు. ఇంటికి తాళం ఉంటే పోస్ట్‌మన్ ఉత్తరాన్ని కింద వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్లాలి. ఇది కాల్ ఫార్వార్డింగ్. వాచ్‌మన్ గదిలో ఆ ఫ్లాటు పేరుతో ఒక అర ఉండాలి. ఇది మెయిల్‌బాక్స్. ఉత్తరం వచ్చిందని ఇంటర్‌కమ్‌లో చెప్పి, దాన్ని పైకి పంపే ఏర్పాటూ ఉండాలి. విజువల్ వాయిస్‌మెయిల్ అంటే అచ్చంగా ఈ మూడోది. మొదటి రెండూ సరిగ్గా లేకుండా మూడోదాని కోసం ఎంత కుస్తీ పట్టినా ఫలితం ఉండదు.

మూడో భాగం లోపల జరిగేది కొంచెం ఆసక్తికరమైన తతంగం. ఓపెన్ మొబైల్ టెర్మినల్ ప్లాట్‌ఫామ్ అనే సంస్థ దీనికి ఒక ప్రమాణం రాసింది. దాని ప్రకారం యాక్టివేట్ చేయగానే ఫోన్ క్యారియర్‌కు కంటికి కనిపించని ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. క్యారియర్ నుంచి అలాంటిదే ఇంకో ఎస్సెమ్మెస్ తిరిగి వస్తుంది. ఈ మెయిల్‌బాక్స్ కొత్తదా, వాడకానికి సిద్ధంగా ఉందా, అసలు ఈ లైనుకు ఈ సేవ ఉందా, ఆపేశారా అన్న స్థితి అందులో రాసి ఉంటుంది. సర్వర్ చిరునామా, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా అందులోనే వస్తాయి. వాటితో ఫోన్ మొబైల్ డేటా మీద ఆ సర్వర్‌కు కనెక్టయి మెసేజ్‌లు దించుకుంటుంది. దించుకునే పద్ధతి పేరు ఐమ్యాప్, ఈమెయిల్‌కు వాడేదే. ఆ తర్వాత ఎవరు మెసేజ్ పెట్టినా 'కొత్తది వచ్చింది' అని మళ్లీ ఒక కనిపించని ఎస్సెమ్మెస్ వస్తుంది, ఫోన్ వెళ్లి తెచ్చుకుంటుంది.

కాగితం మీద ఇది అందరికీ ఒకటే, కానీ వాడుకలో ఎవరి యాస వాళ్లది. ఆండ్రాయిడ్ 6.0 నుంచి గూగుల్ తన డయలర్‌లో, అంటే కాల్స్ చేసే ఫోన్ యాప్‌లో, ఈ ప్రమాణాన్ని చేర్చింది. అదే కోడులో వెరిజాన్‌కు ఒక పద్ధతి, టీ-మొబైల్ తరహా నెట్‌వర్క్‌లకు ఇంకో పద్ధతి వేరుగా రాయాల్సి వచ్చింది. ఐఫోన్ దారి వేరు. ఏ క్యారియర్‌కు ఏ సౌకర్యం ఉందన్నది యాపిల్ పంపే క్యారియర్ సెట్టింగ్స్ ఫైలు చెప్తుంది. ఆ ఫైలులో లేకపోతే వినియోగదారుడు చేయగలిగింది ఏమీ లేదు.

ఇక అసలు పని. రీసెట్ల జోలికి వెళ్లేముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. ఇంకో ఫోన్ నుంచి ఈ నంబరుకు కాల్ చేసి, ఎత్తకుండా మోగనివ్వాలి. చివరకు ఏం వినపడుతుందన్నదాన్ని బట్టి లోపం ఏ భాగంలో ఉందో దాదాపు తేలిపోతుంది. మోగి మోగి కట్ అయిపోతే, లేదా నంబరు అందుబాటులో లేదని మామూలు ప్రకటన వస్తే, ఫార్వార్డింగ్ లేదు, లేదంటే ఆ ప్లానులో మెయిల్‌బాక్సే లేదు. మెయిల్‌బాక్స్ సెటప్ చేయలేదని వినపడితే ఒక రకంగా శుభవార్తే: ఫార్వార్డింగ్ బాగుంది, అర కూడా ఉంది, దాన్ని తెరవడమే తరువాయి. ఇంకెవరి గొంతో, ఇంకేదో సర్వీసు పేరో వినపడితే కాల్ వేరే చోటికి పోతోంది. సొంత గ్రీటింగ్, అంటే మెసేజ్ పెట్టమని రికార్డు చేసిన పలకరింపు, చక్కగా వినపడి, మెసేజ్ పెట్టినా తెర మీద ఏమీ రాకపోతే లోపం మూడో భాగంలో, అంటే ఎస్సెమ్మెస్ దగ్గరో డేటా దగ్గరో ఉంది.

ఐఫోన్‌లో ఈ పరీక్ష తప్పుదారి పట్టించే అవకాశం ఒకటుంది. 2023లో వచ్చిన ఐఓఎస్ 17తో అమెరికా, కెనడాల్లో లైవ్ వాయిస్‌మెయిల్ మొదలైంది. అది ఆన్‌లో ఉంటే ఎత్తని కాల్ క్యారియర్ మెయిల్‌బాక్స్ దాకా పోదు. ఫోనే జవాబిచ్చి, అవతలివాళ్లు మాట్లాడుతుండగానే ఆ మాటలను తెర మీద అక్షరాలుగా చూపిస్తుంది. ఫోన్ ఆన్‌లో ఉండి సిగ్నల్ ఉన్నంతసేపూ అంతా బాగున్నట్టే ఉంటుంది. స్విచాఫ్ అయినప్పుడో సిగ్నల్ లేని చోటో కాల్ క్యారియర్ మెయిల్‌బాక్స్‌కే పోవాలి, అది పాడై ఉన్న సంగతి అప్పుడు బయటపడుతుంది. అందుకని ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో లైవ్ వాయిస్‌మెయిల్‌ను ఆఫ్ చేసి పరీక్షించాలి, తర్వాత మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

ఫార్వార్డింగ్ మీద అనుమానం వస్తే చూసుకోవడానికి డయలర్‌లోనే కోడ్‌లున్నాయి. *#61# నొక్కితే ఎత్తని కాల్స్ ఎటు పోతున్నాయో, *#67# నొక్కితే ఎంగేజ్‌లో ఉన్నప్పుడు ఎటు పోతున్నాయో, *#62# నొక్కితే ఫోన్ అందుబాటులో లేనప్పుడు ఎటు పోతున్నాయో తెర మీద కనిపిస్తుంది. ఇవి జీఎస్ఎం కుటుంబపు కోడ్‌లు. ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ లాంటి చోట్ల మామూలుగా పనిచేస్తాయి. వెరిజాన్ వాడే కోడ్‌లు వేరు. చూపించిన నంబరు క్యారియర్ వాయిస్‌మెయిల్ నంబరు కాకుండా ఇంకేదైనా అయితే దొంగ దొరికినట్టే. ఎప్పుడో గూగుల్ వాయిస్ (సొంత వాయిస్‌మెయిల్‌తో గూగుల్ ఇచ్చే ఫోన్ నంబరు సేవ) పెట్టుకుని, తర్వాత దాన్ని మరిచిపోయినవాళ్ల విషయంలో తరచూ ఇదే జరుగుతుంది. మెసేజ్‌లన్నీ ఆ పాత అకౌంటులో భద్రంగా పడి ఉంటాయి, క్యారియర్ మెయిల్‌బాక్స్‌కు ఒక్కటీ చేరదు.

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకమైన ఒక ప్రమాదం ఉంది. కాల్ ఫార్వార్డింగ్ అడ్డం పెట్టుకుని ఓటీపీలు కాజేసే మోసాలు ఇండియాలో పెరిగాయి. *401# తో మొదలయ్యే నంబరు డయల్ చేయించి కాల్స్ తమవైపు తిప్పుకోవడం అందులో ఒక ఎత్తుగడ. దాంతో 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలా డయల్ చేసే కోడ్‌లతో నడిచే కాల్ ఫార్వార్డింగ్‌ను నిలిపేయాలని టెలికాం శాఖ ఆపరేటర్లను ఆదేశించింది. ఆ భయంతోనే '##002# నొక్కండి, హ్యాకింగ్ నుంచి బయటపడండి' అనే సలహాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ఇండియా సిమ్‌లో నొక్కితే పెద్దగా నష్టం లేదు, ఎందుకంటే అక్కడ వాయిస్‌మెయిల్ వాడేవాళ్లు తక్కువ. ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది కదా అని డల్లాస్‌లో కూర్చుని అమెరికా సిమ్ మీద నొక్కితే, అన్ని ఫార్వార్డింగ్‌లతో పాటు వాయిస్‌మెయిల్‌కు పోయే దారి కూడా చెరిగిపోవచ్చు. కొన్ని నెట్‌వర్క్‌లు చెరపగానే పాత డిఫాల్ట్‌ను తిరిగి పెడతాయి. టీ-మొబైల్‌లో ##004# చేసే పని అలాంటిదే. అన్నీ అలా చేయవు. చేయని చోట క్యారియర్ వాయిస్‌మెయిల్ నంబరును మళ్లీ నమోదు చేయించుకోవాలి.

మెయిల్‌బాక్స్ కొత్తదని తేలినప్పుడు పరిష్కారం పాతకాలపుది, అందుకే చాలామందికి తట్టదు. కీప్యాడ్‌లో 1 అంకెను నొక్కి పట్టుకుంటే కాల్ మెయిల్‌బాక్స్‌కు కలుస్తుంది. వెరిజాన్‌లో *86 కూడా ఉంది. పిన్ పెట్టుకోమంటుంది, పేరు చెప్పమంటుంది, గ్రీటింగ్ రికార్డు చేయమంటుంది. విసుగ్గా ఉన్నా చివరిదాకా వినాలి. మధ్యలో పెట్టేస్తే క్యారియర్ లెక్కలో మెయిల్‌బాక్స్ ఇంకా కొత్తదిగానే ఉండిపోవచ్చు, ఫోన్‌కు 'సిద్ధం' అనే జవాబు రాదు. యాక్టివేట్ బటన్‌ను పదిసార్లు నొక్కడం కంటే ఆ రెండు నిమిషాల కాల్‌కు ఎక్కువ విలువ ఉంది.

పిన్ కుదరకపోవడం కూడా ఈ కోవలోదే. మెయిల్‌బాక్స్‌కు ఒక పిన్, ఫోన్‌లో దాచిన పిన్ ఇంకొకటి అయితే తెర పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది. టీ-మొబైల్‌లో #793# నొక్కితే పిన్ ఫోన్ నంబరులోని చివరి నాలుగు అంకెలకు మారుతుంది. మిగతా చోట్ల క్యారియర్ యాప్‌లోనో కస్టమర్ కేర్ ద్వారానో మార్చుకోవాలి. మారింది కదా అని ఆ నాలుగు అంకెలతోనే వదిలేయడం మాత్రం మంచిది కాదు. బ్రిటన్‌లో 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' అనే పత్రిక 2011లో మూతపడింది ఇతరుల వాయిస్‌మెయిల్‌లను దొంగచాటుగా విన్నందువల్లే. ఎవరూ మార్చని డిఫాల్ట్ పిన్‌లు అలాంటి దొంగలకు తాళం తీసిపెట్టిన తలుపులు.

అకౌంటు వైపు లోపం పట్టుకోవడం కష్టం, ఎందుకంటే అది ఫోన్‌లో కనిపించదు. సొంత టవర్లు లేకుండా పెద్ద నెట్‌వర్క్‌ల మీద నడిచే చౌక ప్రీపెయిడ్ కంపెనీలు అమెరికాలో చాలా ఉన్నాయి. విద్యార్థులు ఎక్కువగా వెళ్లేది వాటికే. అదే టవరు, అదే సిగ్నల్ అయినా విజువల్ వాయిస్‌మెయిల్ విషయంలో మాతృ నెట్‌వర్క్ తన సొంత కస్టమర్లకు ఇచ్చేదంతా ఇలాంటి కంపెనీకి ఇవ్వాలని లేదు. కొన్నిటిలో ఐఫోన్‌కు ఉంటుంది, ఆండ్రాయిడ్‌కు ఉండదు. కొన్నిటిలో మామూలు వాయిస్‌మెయిల్ తప్ప వేరేది ఉండదు. రూమ్మేటుకు పనిచేస్తోంది కదా, నాకెందుకు రాదు అని రాత్రంతా కుస్తీ పట్టేముందు, ఇద్దరిదీ ఒకే ప్లానా, ఒకే రకం ఫోనా అన్నది చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇటీవలే నంబరు పోర్ట్ చేసుకున్నా, ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు సిమ్ మార్చి పెట్టుకున్నా ఇంకో అనుమానానికి చోటుంది. నంబరు కొత్త కంపెనీకి వస్తుంది కానీ పాత కంపెనీ దగ్గరి మెయిల్‌బాక్స్, అందులోని మెసేజ్‌లు రావు. పోర్ట్ చేసేముందే ముఖ్యమైనవి దాచుకోవాలి. కొన్ని క్యారియర్లలో ఫోన్ రకాన్ని బట్టి అకౌంటులో వేర్వేరు ఫీచరు ఉంటుంది. సిమ్ మారినా అకౌంటులో పాత ఫోన్ ఫీచరే ఉండిపోవచ్చు. ఇలాంటప్పుడు కస్టమర్ కేర్‌లో 'వాయిస్‌మెయిల్ రావట్లేదు' అంటే రీస్టార్ట్ చేయమనే మాటతో మొదలుపెడతారు. లైన్ మీద వాయిస్‌మెయిల్ ఫీచరు తీసేసి మళ్లీ పెట్టమని, మెయిల్‌బాక్స్ రీసెట్ చేయమని సూటిగా అడిగితే పని త్వరగా అవుతుంది. మెయిల్‌బాక్స్ రీసెట్‌తో పాత మెసేజ్‌లు, గ్రీటింగ్ పోతాయని మాత్రం గుర్తుంచుకోవాలి. ఫ్యామిలీ ప్లాన్ అయితే ఆ మార్పు అడగడానికి ప్లాన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే లైన్లో ఉండాల్సి రావచ్చు.

మూడో భాగంలో ఎక్కువమందిని ఇరికించేది వైఫై. ఇంట్లో ఫుల్ సిగ్నల్ వైఫై ఉంది, ఇంటర్నెట్ దూసుకుపోతోంది, అయినా యాక్టివేట్ కాదు. కారణం, కొన్ని క్యారియర్లు వాయిస్‌మెయిల్ సర్వర్‌ను తమ మొబైల్ డేటా నుంచి వచ్చే కనెక్షన్‌కే తెరుస్తాయి. బయటి ఇంటర్నెట్ నుంచి ఎవరు తలుపు కొట్టినా పలకవు. ఆండ్రాయిడ్ క్యారియర్ సెట్టింగ్స్‌లో దీనికోసం ప్రత్యేకంగా ఒక గుర్తే ఉంది. కాబట్టి యాక్టివేట్ చేసేటప్పుడు వైఫై ఆఫ్ చేసి మొబైల్ డేటా మీద ఉండాలి. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉంటే దాన్నీ ఆపాలి. ఐటీ ఉద్యోగుల ఫోన్లలో అది వెనకాల నడుస్తూనే ఉంటుంది, ఉన్న సంగతే గుర్తుండదు.

రెండు సిమ్‌ల వ్యవహారం ఇంకాస్త మెలిక ఉన్నది. బ్యాంకు ఓటీపీల కోసం ఇండియా నంబరు బతికి ఉండాలి, రోజువారీ వాడకానికి అమెరికా నంబరు కావాలి. చాలా ఫోన్లలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఇండియాలో సెట్ చేసిన ఫోన్‌లోనే అమెరికా ఈ-సిమ్ వేసుకుంటే కాల్స్‌కో డేటాకో ఇండియా లైనే డిఫాల్ట్‌గా మిగిలిపోతుంది. అప్పుడు 1 నొక్కి పట్టుకుంటే కాల్ ఏ లైను నుంచి పోతోందో తెలియదు, అమెరికా లైను మెయిల్‌బాక్స్‌కు డేటా దారి కూడా ఉండదు. యాక్టివేషన్ అయ్యేదాకా అమెరికా లైన్‌నే కాల్స్‌కూ డేటాకూ డిఫాల్ట్ చేసి, వీలైతే ఇండియా సిమ్‌ను కాసేపు ఆఫ్ చేసి ఉంచాలి. ఆఫ్ అంటే సెట్టింగ్స్‌లో ఆ లైన్ ఆఫ్ చేయడమే, డిలీట్ చేయడం కాదు. ఈ తేడా ముఖ్యం. ఇండియా ఈ-సిమ్‌ను పొరపాటున డిలీట్ చేస్తే అమెరికాలో కూర్చుని దాన్ని మళ్లీ తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి. వాయిస్‌మెయిల్ కోసం వెళ్లి బ్యాంకు ఓటీపీలు పోగొట్టుకున్నట్టవుతుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో నెట్‌వర్క్ రీసెట్ పక్కనే 'డౌన్‌లోడ్ చేసిన సిమ్‌లు చెరిపేయి' అనే ఎంపిక ఉంటుంది. దాని మీద చెయ్యి పడకుండా చూసుకోవాలి.

ఇండియాలో కొన్న ఫోన్లకు ఇంకో గండం ఉంది. ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో తన 3జీ నెట్‌వర్క్ మూసేసింది, టీ-మొబైల్, వెరిజాన్ కూడా అదే ఏడాది మూశాయి. అప్పటి నుంచి మాట పోవాలంటే వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ నడిచే పద్ధతి, దాదాపు తప్పనిసరి. ఏటీ అండ్ టీ తన ఆమోదిత జాబితాలో ఉన్న ఫోన్లకే ఆ సౌకర్యం ఇస్తుంది, ఇండియా మార్కెట్ కోసం చేసిన చాలా ఆండ్రాయిడ్ మోడళ్లు అందులో ఉండవు. అలాంటి ఫోన్‌లో కాల్సే సరిగ్గా కలవనప్పుడు విజువల్ వాయిస్‌మెయిల్ రాకపోవడం పెద్ద జబ్బుకు చిన్న లక్షణం మాత్రమే. దాన్ని విడిగా బాగుచేయడానికి చూడటం వృథా.

ట్రూకాలర్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇండియా నుంచి వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో అది ఉంటుంది, చాలామంది దాన్నే డిఫాల్ట్ ఫోన్ యాప్‌గా పెట్టుకుంటారు. ఆండ్రాయిడ్‌లో విజువల్ వాయిస్‌మెయిల్ సమాచారం మామూలుగా ముందు డిఫాల్ట్ డయలర్‌కు అందుతుంది. ఆ పాత్ర ఇంకో యాప్‌కు ఇచ్చాక, ఫోన్‌తో వచ్చిన డయలర్‌లో వాయిస్‌మెయిల్ ట్యాబ్ కళ్లప్పగించి చూస్తూ ఉంటుంది తప్ప దానికేమీ చేరకపోవచ్చు. డిఫాల్ట్‌ను మళ్లీ అసలు డయలర్‌కు మార్చి, ఫోన్ రీస్టార్ట్ చేసి చూడాలి. క్యారియర్ సొంత వాయిస్‌మెయిల్ యాప్ కూడా ఇన్‌స్టాల్ అయి ఉంటే డయలర్ తనంతట తాను పక్కకు తప్పుకోవచ్చు. రెండింట్లో ఏదో ఒకటే ఉంచుకోవడం నయం.

ఇవన్నీ చూశాకే మామూలు చిట్కాల వంతు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్ దగ్గరికి వెళ్లి కాసేపు ఆగితే క్యారియర్ సెట్టింగ్స్ అప్‌డేట్ ఉంటే అడుగుతుంది. విమానం మోడ్ పెట్టి తీయడం, రీస్టార్ట్ చేయడం కొన్నిసార్లు నిజంగానే పనిచేస్తాయి, ఎందుకంటే నెట్‌వర్క్‌కు కొత్తగా కనెక్టయినప్పుడు ఫోన్ ఆ కనిపించని ఎస్సెమ్మెస్‌ల తతంగాన్ని మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉంది. నెట్‌వర్క్ రీసెట్ ఆఖరి మెట్టు. ముందు చేసిన పరీక్షలో లోపం మొదటి రెండు భాగాల్లో ఉందని తేలితే అది అసలు అక్కర్లేదు.

సెలవులకు ఇండియా వచ్చినప్పుడు అంతా పాడైనట్టు అనిపించడం మామూలే. ఖర్చు భయంతో అమెరికా లైనుకు డేటా రోమింగ్ ఆఫ్ చేస్తారు, మెసేజ్‌లు తెర మీదికి రావు. అవి పోలేదు, సర్వర్‌లోనే ఉంటాయి. ఇంకో విడ్డూరం ఏమిటంటే, అమెరికా నంబరుకు వచ్చిన కాల్ రోమింగ్‌లో హైదరాబాద్ దాకా వచ్చి మోగి, ఎత్తకపోతే తిరిగి అమెరికా మెయిల్‌బాక్స్‌కు పోవాలి. కొన్ని ప్లాన్లలో ఈ రానూపోనూ ప్రయాణానికి రెండువైపులా చార్జీ పడుతుంది. వైఫై కాలింగ్ ఉన్న లైను అయితే ఈ బాధ చాలావరకు ఉండదు. అదీ లేకపోతే ఇంకో ఫోన్ నుంచి తన నంబరుకే కాల్ చేసి, గ్రీటింగ్ మధ్యలో స్టార్ నొక్కి, పిన్ కొట్టి వినే పాత పద్ధతి చాలా అమెరికా క్యారియర్లలో ఇంకా బతికే ఉంది. కొన్ని చోట్ల స్టార్ బదులు వేరే మీట ఉంటుంది.

క్యారియర్ అసలు ఈ సేవే ఇవ్వట్లేదని తేలితే రెండు దారులున్నాయి. కొత్త ఐఫోన్ అయితే లైవ్ వాయిస్‌మెయిల్ రోజువారీ అవసరాన్ని చాలావరకు తీరుస్తుంది. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ వాయిస్ నంబరు ఒకటి తీసుకుని, ఎత్తని కాల్స్ దానికి ఫార్వార్డ్ చేసుకోవచ్చు, క్యారియర్ అనుమతిస్తే. అప్పుడు ఆ నంబరు ఎక్కడ పెట్టారో రాసి ఉంచుకోవాలి. లేదంటే రెండేళ్ల తర్వాత క్యారియర్ మారినప్పుడు ఈ వ్యాసంలోని *#61# దగ్గరికే మళ్లీ రావాల్సి వస్తుంది.

యాక్టివేట్ అయిందని చూపించాక ఇంకో ఫోన్ నుంచి ఒక మెసేజ్ పెట్టి, ఫోన్ స్విచాఫ్ చేసి మరోటి పెట్టి, రెండూ జాబితాలోకి వచ్చాయో లేదో చూసుకోవాలి. ఐఫోన్‌లో డిలీట్ చేసిన మెసేజ్‌లు 'డిలీటెడ్' జాబితాలో ఉండిపోతాయి, అక్కడ కూడా చెరిపేస్తేనే పూర్తిగా పోతాయి. మెయిల్‌బాక్స్ నిండిపోతే కాల్ చేసినవాళ్లకు ఇంకో రకం ప్రకటన వినపడుతుంది. పరీక్ష మెసేజ్ ఇంగ్లిష్‌లోనే పెట్టడం మేలు. గుంటూరు నుంచి అమ్మ తెలుగులో చెప్పిన మాటలను ఇంగ్లిష్ కోసం తయారైన ట్రాన్స్‌క్రిప్షన్ ఏవేవో ఇంగ్లిష్ పదాలుగా మార్చి తెర మీద పరుస్తుంది. అది చూసి ఇంకా ఏదో పాడైందనుకుని మళ్లీ సెట్టింగ్స్‌లోకి వెళ్లనక్కర్లేదు, ప్లే నొక్కి వింటే చాలు.